విల్లు వీపు గీకకూడదు

దసరా సెలవులొస్తే మఠంపల్లిలో మా ఈడు పిల్లలందరి చేతుల్లో విల్లంబులు ఉండేవి. ఒక ఏడు మా అన్నకూ నాకూ ఒకే బొంగు నుంచి చీల్చిన రెండు వెదురు బద్దలు దొరికాయి. ఒకే పొడవు, ఒకే వెడల్పు. అన్నకు ఓపిక తక్కువ. బద్దను ఉన్నదున్నట్టే వంచి, కొసల దగ్గర గాట్లు పెట్టి, పురికొస బిగించేశాడు. నాకేమో నునుపు కావాలి. పైనున్న పచ్చటి తోలంతా కొడవలితో గీకి, తెల్లగా తేలేదాకా చెక్కాను. చూపుకు నాదే బాగుంది. రెండోసారి లాగేసరికి పెళ్లుమని విరిగింది. ఒక పేడు ముంజేతిలో దిగింది. అన్న విల్లు దీపావళి దాకా పనిచేసింది.

మొన్న మా మేనల్లుడు ఫోన్‌లో ఒక కర్రవిల్లు బొమ్మ చూపించి, "మామయ్యా, యాభై పౌండ్లది కొననా, అరవైదా?" అని అడిగాడు. వాడు చూపింది చక్రాలూ గురిచూసే గాజులూ ఉన్న కొత్తరకం కాదు. ఒకటే కర్ర, ఒకటే నారి, మనిషంత ఎత్తు. ఇంగ్లీషులో లాంగ్‌బో అంటారు. మన గుడి గోడల మీద రాముడు పట్టుకున్నదీ, కొండరెడ్లూ కోయలూ వాడుతూ వచ్చిందీ దీనికి చుట్టమే. వాడి ప్రశ్నకు జవాబు చెప్పాలంటే నా విరిగిన బద్ద దగ్గరికే వెళ్లాలి. వెదురు ఒకటే, పొడవు ఒకటే. పోయిందల్లా తోలు. అంత పలచటి తోలు పోతే విల్లు ఎందుకు విరగాలి?

వీపు సాగుతుంది, పొట్ట నలుగుతుంది

వేప కొమ్మను తుంచి రెండు చేతులతో మెల్లగా వంచి చూడండి. వంపు బయటి వైపు బెరడు బిగుసుకుంటుంది, ఇంకాస్త వంచితే నారలు ఒక్కొక్కటే తెగి లేస్తాయి. లోపలి వైపు తెగదు, ముడతలు పడుతుంది. ఒకే కొమ్మలో అరంగుళం తేడాతో రెండు వ్యతిరేకమైన పనులు జరుగుతున్నాయి. బయట లాగుడు, లోపల నొక్కుడు. రెంటికీ నడుమ లాగుడూ నొక్కుడూ లేని ఒక పలచటి పొర ఉంటుంది. ఆ పొర నుంచి ఎంత దూరంగా ఉంటే నార మీద అంత భారం. అంటే విల్లు వంగినప్పుడు అన్నిటికన్నా ఎక్కువ కష్టపడేది అట్ట కన్నా మందం లేని పై పొర. లాగుడంతా అక్కడే పోగవుతుంది.

లక్ష్యం వైపు ఉండే ముఖాన్ని వింటి వీపు అనీ, మన వైపు ఉండేదాన్ని పొట్ట అనీ అనుకుందాం. నారి లాగితే వీపు సాగుతుంది, పొట్ట నలుగుతుంది. నారలున్న ఏ చెక్కైనా సాధారణంగా నొక్కుడు కన్నా లాగుడును ఎక్కువ ఓర్చుకుంటుంది. కానీ ఓడిపోయే తీరు వేరు. పొట్ట ఓడితే సన్నటి అడ్డగీతలు పడతాయి, వింటి బలం నెమ్మదిగా తగ్గుతుంది, జాగ్రత్తపడటానికి మనకు వ్యవధి ఉంటుంది. వీపు ఓడితే క్షణంలో రెండు ముక్కలు. ఒక్క నార తెగితే దాని భారం పక్క నార మీద పడుతుంది, అదీ తెగుతుంది, అలా వరసగా.

నేను గీకేసింది సరిగ్గా ఆ వీపునే.

తాటిదూలం చెప్పే సంగతి

మా ఊళ్లో పాత పెంకుటిళ్ల తాటిదూలాలు చూసినవాళ్లకు వెదురు సంగతి వేరే చెప్పక్కర్లేదు. తాటిమొద్దును చీలిస్తే లోపల బెండులాంటి మెత్తటి గుజ్జు, బయటకు వచ్చేకొద్దీ నల్లటి గట్టి నారలు. దూలం తీసేవాళ్లు లోపలిది తవ్వి పారేసి బయటి భాగమే ఉంచుకుంటారు. టేకు, చండ్ర, తుమ్మ లాంటి మానుల్లో తంతు దీనికి తలకిందులు. వాటికి బలం మధ్యలో ఉంటుంది, దాన్నే చేవ అంటాం. తాడికీ వెదురుకూ చేవ నడుమ ఉండదు, చుట్టూ ఉంటుంది. వెదురు నిజానికి గడ్డిజాతి. గాలికి ఊగే గడ్డిపోచకు సాగుడంతా బయటి ముఖం మీదే పడుతుంది కాబట్టి, ప్రకృతి దాని నారలను అక్కడే దట్టంగా నాటింది. బొంగు గోడను అడ్డంగా కోసి భూతద్దంలో చూస్తే నల్లటి చుక్కలు కనబడతాయి. అవి నారల కట్టలు. పచ్చతోలు పక్కన ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి, బోలు వైపు పోయేకొద్దీ ఎడం పెరుగుతుంది.

కాబట్టి వెదురుతో విల్లు కట్టేవాడు పలచన చేయాల్సింది ఎప్పుడూ పొట్ట వైపే. వీపు మీద కణుపుల దగ్గర కూడా అతి తక్కువగా, నార తెగకుండా ముట్టుకోవాలి. కర్రవిల్లుకూ ఇదే నియమం. అందుకే మంచి విల్లు వీపు మీద ఒకే నార ఈ కొస నుంచి ఆ కొసకు తెగకుండా పారుతుంది. విల్లు కొనేముందు నేను మొదట చూసేది ఇదే. వీపు మీద చెక్క గీతలను వేలితో వెంబడించండి. గీతలు పక్కకు జారి అంచులోంచి బయటికి పోతుంటే, నార మధ్యలో తెగిందన్నమాట. రంగు ఎంత మెరిసినా దాన్ని పక్కన పెట్టండి. ఈమధ్య అమ్మే చాలా లాంగ్‌బోలలో లోపల చెక్క పొరలు, పైన వెదురు పొర లేదా ఫైబర్‌గ్లాస్ పొర అంటించి ఉంటాయి. సాగే చోట సాగగలిగేది, నలిగే చోట నలుగుడు ఓర్చేది పెట్టడమే దాని వెనకున్న ఆలోచన.

ఇంగ్లండులో ఈ అంటింపును చెట్టే చేసిపెట్టింది. అక్కడి విలుకాండ్లకు ఇష్టమైన యూ చెట్టులో తెల్లటి పైచెక్క బాగా సాగుతుంది, ఎర్రటి చేవ బాగా నలుగుడు ఓరుస్తుంది. రెండూ పక్కపక్కన ఉండేలా కర్ర చీల్చి, తెల్లది వీపుకూ ఎర్రది పొట్టకూ వచ్చేలా చెక్కితే సరిపోయేది.

మనవాళ్లకు ఈ తేడాలు తెలియనివి కావు. కౌటిల్యుడి అర్థశాస్త్రం ఆయుధాగారం గురించి చెబుతూ తాడి, వెదురు, కర్ర, కొమ్ము అని నాలుగు రకాల వింటి సరుకులు పేర్కొంటుంది. కార్ముకం, కోదండం, ద్రూణం, ధనుస్సు అని పేర్లూ ఇస్తుంది. నారికి మూర్వ, జిల్లేడు, జనుము, వెదురు, నరం లాంటివి చెబుతుంది. తాటిచెట్టు ఆ వరసలో మొదట ఉండటం చూసినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. సూర్యాపేట నుంచి మిర్యాలగూడ దాకా ఏ గట్టు మీద చూసినా తాళ్లే కదా! వాటి నల్లటి నారలోని బలాన్ని ఇల్లు కప్పుకోవడానికే కాదు, విల్లు వంచడానికీ వాడిన కాలం ఒకటుంది.

బాక్స్: నిలువెత్తు విల్లు మనదే

అలెగ్జాండర్ సేనాని నియార్కస్ క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో ఇక్కడి కాల్బలాన్ని చూసి రాసినదాన్ని తర్వాతి కాలపు రచయిత అరియన్ భద్రపరిచాడు. దాని ప్రకారం భారతీయుల విల్లు దాన్ని పట్టే మనిషంత ఎత్తు. ఒక కొస నేల మీద ఆనించి, ఎడమ కాలితో అదిమిపెట్టి నారి లాగేవారు. బాణం మూడు మూరలకు కాస్త తక్కువ. దాని దెబ్బకు డాలూ కవచమూ నిలవవని కూడా ఆయన నమోదు చేశాడు.

అగ్నిపురాణంలోని ధనుర్వేద భాగం నాలుగు మూరల విల్లు ఉత్తమం, మూడున్నర మధ్యమం, మూడు అధమం అంటుంది. పాత కొలతల్లో 'ధనుస్సు' అనేది పొడవుకు పేరు కూడా. అర్థశాస్త్రం లెక్కలో అది 96 అంగుళాలు, అంటే నాలుగు మూరలు. ఆ అంగుళం వేలి వెడల్పు, ఇప్పటి టేపు మీది అంగుళం కాదు. మొత్తం కలిపితే సుమారు మనిషి నిలువు.

గీకేది గోరంత, తగ్గేది చేరెడు

ప్లాస్టిక్ స్కేలును పడుకోబెట్టి వంచితే సులువుగా వంగుతుంది. నిలబెట్టి వంచబోతే మొరాయిస్తుంది. స్కేలు అదే, వంగే దిశలో మందం మారిందంతే. మందం రెట్టింపైతే బిగువు రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లవుతుంది. వెడల్పు రెట్టింపైతే మాత్రం రెండు రెట్లే. తిరగేసి చూస్తే ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. వింటి మందంలో పదో వంతు గీకేస్తే బిగువులో నాలుగో వంతు కన్నా ఎక్కువే పోతుంది.

విల్లు చేసేవాడి పనితనమంతా ఇక్కడే. చెక్కను ఆకారానికి తేవడం ఒక పూట పని. ఆ తర్వాత నారి బిగించి, గోడకు ఆనించిన కొయ్యమేకుకు తగిలించి, కొంచెం లాగి, దూరం నుంచి వంపును చూసి, బిగువుగా ఉన్నచోట పొట్ట మీద రెండు గీతలు గీకి, మళ్లీ లాగి, మళ్లీ చూసి... ఇది రోజులు పట్టే పని. ఎందుకింత? ఒక్కచోట పలచనైతే విల్లు అక్కడే తలుపు కీలులా మడత పడుతుంది. మిగతా విల్లంతా ఊరికే ఉంటుంది, భారమంతా ఆ బెత్తెడు చెక్క మోస్తుంది. పదిమంది మోయాల్సిన పల్లకీని ఒక్కడి భుజాన వదిలినట్టు.

కొనేటప్పుడు దీన్ని కళ్లతోనే పట్టుకోవచ్చు. ఇంకొకర్ని మెల్లగా సగం దాకా లాగమని, మీరు నాలుగడుగులు వెనక్కి జరిగి పక్క నుంచి చూడండి. పిడి పైనా కిందా వింటి రెండు చేతులూ నిండు వంపు తిరగాలి. ఎక్కడా కోణం కనబడకూడదు, ఎక్కడా తిన్నగా బిగుసుకుపోయిన జాగా ఉండకూడదు. లాగకుండా నారి బిగించి మాత్రమే చూస్తే చాలా లోపాలు దాక్కుంటాయి.

అడ్డుకోత ఆకారం గురించి కూడా ఒక మాట. పాత ఇంగ్లీషు పద్ధతిలో విల్లు సన్నగా, మందంగా, పొట్ట గుండ్రంగా ఉంటుంది. ఇంకో పద్ధతిలో వెడల్పుగా, పలచగా, పట్టీలా ఉంటుంది. గుండ్రటి పొట్టలో నొక్కుడంతా నడుమనున్న సన్నటి గీత మీద పడుతుంది. యూ లాంటి చెక్క దాన్ని తట్టుకుంటుంది, అన్నీ తట్టుకోవు. పట్టీ ఆకారం ఆ భారాన్ని వెడల్పంతా పరుస్తుంది. బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన క్లారెన్స్ హిక్‌మన్ అనే అమెరికా శాస్త్రవేత్త 1930ల్లో దీన్ని కొలిచి చూపించాక కొత్త విళ్లు చాలావరకు చదునైపోయాయి. మొదటి విల్లు కొనేవాళ్లకు నేను చదునుదాన్నే చెబుతాను.

దండెం తాడూ, వింటి పొడవూ

లాంగ్‌బో అంత పొడవెందుకు? పొట్టి విల్లు మోయడానికి సులువు, బాణమూ జోరుగా పోతుంది. అయినా నేర్చుకునేవాడికి పొడవాటిదే మంచిదంటారు. కారణం పెరట్లో దండెం దగ్గరుంది.

రెండు గుంజల నడుమ బిగుతుగా కట్టిన దండేన్ని మధ్యలో ఒక వేలితో లాగి చూడండి. వేలు పెట్టేది చిన్న బలమే, కానీ గుంజలు రెండూ లోపలికి ఊగుతాయి. తాడు దాదాపు తిన్నగా ఉన్నంతసేపూ మన కొద్దిపాటి లాగుడు గుంజల మీద ఎన్నో రెట్లై పడుతుంది. తాడు వంగి లోతుగా దిగేకొద్దీ ఆ లాభం తగ్గిపోతుంది. నారి కూడా అంతే. లాగుడు మొదట్లో నారి తిన్నగా ఉంటుంది, వింటి కొసలు సులువుగా దగ్గరికొస్తాయి. చివరికి వచ్చేసరికి నారి రెండు పాయల మధ్య కోణం ఇరుకవుతుంది, లాభం పోతుంది, ఇక మిగిలేది మన కండ.

పొట్టి వింటిలో ఈ ఇరుకు ముందే వస్తుంది. ఆఖరి రెండంగుళాల్లో గోడను గుద్దుకున్నట్టు బరువు ఒక్కసారిగా పెరుగుతుంది. వేళ్లు నారి మధ్య నలుగుతాయి. పొడవాటి వింటిలో నారి తెరుచుకునే ఉంటుంది, బరువు అంగుళానికింత చొప్పున నిదానంగా పెరుగుతుంది. పైగా అదే వంపు ఎక్కువ పొడవు మీద పంచబడుతుంది కాబట్టి నారల మీద కష్టం తక్కువ, విల్లు ఎక్కువకాలం బతుకుతుంది. దీనికి మూల్యం కొంత వేగం. కొసలు కూడా కదలాలి, వాటిని కదిలించడానికి కొంత శక్తి ఖర్చవుతుంది. నేర్చుకునేవాడికి ఆ నష్టం లెక్కలోది కాదు.

మామూలు ఎత్తు పెద్దవాళ్లకు 66 నుంచి 70 అంగుళాల విల్లు సరిపోతుంది. మనిషి పొడగరి అయితే ఇంకొంచెం.

ఎన్ని పౌండ్లు?

ఇప్పుడు మేనల్లుడి ప్రశ్న. వింటి మీద '40 పౌండ్లు, 28 అంగుళాలు' అని రాసి ఉంటుంది. నారిని 28 అంగుళాల లాగుడుకు తెచ్చి పట్టుకోవాలంటే 40 పౌండ్లు, అంటే సుమారు 18 కిలోల బరువును ఆపినంత కష్టం అని అర్థం. విల్లు బరువు కాదది.

ఇక్కడ చాలామంది మరిచేది రెండో అంకె. అందరి చేతులూ 28 అంగుళాలు లాగవు. రెండు చేతులూ బార్లా చాపి, ఈ వేలికొస నుంచి ఆ వేలికొసకు కొలిచి, రెండున్నరతో భాగిస్తే మీ లాగుడు సుమారుగా వస్తుంది. మా వాడి బార 65 అంగుళాలు. లాగుడు 26. లాగుడు ఒక అంగుళం తగ్గితే సుమారు రెండు మూడు పౌండ్లు తగ్గుతుంది. కాబట్టి 40 అని రాసి ఉన్నది వాడి చేతిలో 35 దగ్గర ఉంటుంది. అలాగని 50 కొనేయొచ్చా? కూడదు.

విల్లు చేసే పని చిన్న పైపుతో నింపిన తొట్టిని ఒక్కసారి బోర్లించడం లాంటిది. మనం ఒకటి రెండు సెకన్లు నిదానంగా కండతో నింపుతాం, అది సెకనులో దాదాపు యాభయ్యో వంతులో బాణంలోకి ఒంపేస్తుంది. నింపేటప్పుడు చేయి వణికితే, మోచెయ్యి దిగితే, భుజం పైకి లేస్తే, ఆ తప్పులన్నీ అంత తక్కువ కాలంలో బాణంలోకి పోతాయి. తర్వాత సరిదిద్దుకునే అవకాశం లేదు. మోయలేని బరువుతో నేర్చుకుంటే చేయి నేర్చేది గురి కాదు, వణుకును దాచుకోవడం. వదలాల్సిన క్షణం కన్నా ముందే వదిలేయడం అలవాటైతే దాన్ని మాన్పడానికి ఏళ్లు పడుతుంది. భుజం కీలు చుట్టూ ఉండే చిన్న స్నాయువులు నలిగితే అసలుకే మోసం.

ఇక్కడ మేరీ రోజ్ అనే ఓడ కథ చెప్పాలి. ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ యుద్ధనౌక అది. 1545 జులైలో మునిగిపోయింది, 1982లో పైకి తీశారు. బురదలో పాతుకుపోయి చెడకుండా ఉన్న నిలువెత్తు యూ విళ్లు నూటికి పైగా దొరికాయి, బాణాలు వేలల్లో. నమూనాలు చేసి కొలిస్తే వాటి లాగుడు సుమారు 100 నుంచి 185 పౌండ్ల దాకా తేలింది. ఆ ఓడలో దొరికిన అస్థిపంజరాల్లో కొన్నిటికి భుజం ఎముక కొస మామూలుగా ఇరవై ఏళ్లలోపు అతుక్కోవాల్సింది అతుక్కోకుండానే ఉండిపోయింది. చిన్నతనం నుంచీ భారీ విళ్లు లాగడమే దీనికి కారణమని పరిశోధకుల అంచనా. ఆ బరువులు ఒక సంవత్సరంలో వచ్చినవి కావు. బాల్యంలో చిన్న వింటితో మొదలుపెట్టి, ఎముకలే దానికి అనుగుణంగా పెరిగిన మనుషులవి.

టీవీలో చూసే కాంపౌండ్ విల్లుతో పోల్చుకోవడం ఇంకో పొరపాటు. నాలుగేళ్ల వయసులో కృష్ణానది ఈదిన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 2023లో మూడు స్వర్ణాలు గెలిచింది కాంపౌండ్ విల్లుతోనే. ఆ వింటి కొసలకున్న చక్రాలు గుండ్రంగా ఉండవు. నారి చివరిదాకా వచ్చేసరికి అవి తిరిగి, చేతి మీది బరువును నాలుగో వంతుకో, ఇంకా తక్కువకో దించేస్తాయి. గురి చూసేంతసేపూ చేతి మీద ఉండేది ఆ కాస్తే. లాంగ్‌బోకు ఆ సాయం లేదు. నారి ఎంత వెనక్కి వస్తే అంత బరువు, చివరి అంగుళంలో అన్నిటికన్నా ఎక్కువ. మన విలుకాడు బొమ్మదేవర ధీరజ్ వాడే రికర్వ్ వింటిలోనూ చక్రాలు లేవు, కానీ గురిసాధనాలూ, ఊగకుండా ఆపే కడ్డీలూ ఉంటాయి.

కాబట్టి మొదటి విల్లు పెద్దవాళ్లకు 25 నుంచి 30 పౌండ్లు, పిల్లలకు 15 నుంచి 20. పరీక్ష సులువు. నిండా లాగి పది లెక్కపెట్టేదాకా వణక్కుండా నిలపగలగాలి. అలా ఐదారుసార్లు వరసగా చేశాక కూడా భుజం పైకి లేవకూడదు. అది రాకపోతే ఇంకా తేలికది తీసుకోండి. తేలిక విల్లంటే చిన్నచూపు అక్కర్లేదు. మన జాతీయ పోటీల్లో ఇండియన్ రౌండ్ అనే విభాగం ఉంది. వెదురూ కర్రా విళ్లతో 30, 50 మీటర్ల దూరాలకు వేస్తారు. రాజస్థాన్ గిరిజన గ్రామంలో వెదురు వింటితో మొదలుపెట్టిన లింబారామ్ 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో పోటీ పడ్డాడు. తేలిక వింటితో మొదలైనవాళ్లు ఎంతదూరం పోగలరో చెప్పడానికి ఆ ఒక్క పేరు చాలు.

బాక్స్: ఏ కన్ను పెద్దన్న?

కుడిచేతి వాటానికి కుడిచేతి విల్లు అని తీసుకోకండి. రెండు అరచేతులూ ముందుకు చాపి, వేళ్ల మధ్య చిన్న సందు వదిలి, రెండు కళ్లూ తెరిచి ఆ సందులోంచి దూరంగా ఉన్న కరెంటు స్తంభాన్ని చూడండి. ఇప్పుడు ఎడమ కన్ను మూయండి. స్తంభం అక్కడే ఉంటే మీకు కుడి కన్ను పెద్దన్న. సందులోంచి తప్పుకుంటే ఎడమ కన్ను. లాంగ్‌బోకు గురిసాధనం ఉండదు కాబట్టి గురి మొత్తం ఈ కన్నే చూస్తుంది. పెద్దన్న కన్ను ఏ వైపుంటే ఆ చేత్తోనే నారి లాగడం మేలు.

శివధనుస్సు ఎందుకు విరిగింది?

నవమి పందిట్లో కల్యాణం చూసిన ప్రతిసారీ ఈ ప్రశ్న నన్ను పట్టుకుంటుంది. వాల్మీకి వర్ణనలో ఆ విల్లు జనకుడి పూర్వీకుల నుంచి తరాలుగా పూజలందుకుంటూ ఉంది. ఎనిమిది చక్రాల ఇనుప పెట్టెలో పెట్టి వేలమంది లాగితే కదిలింది. రాముడు నారి ఎక్కించి, నిండా లాగాడు, నడుమన విరిగింది. భక్తుడిగా నాకు అది రాముడి బలం. విల్లు గురించి చదువుకున్నవాడిగా నాకు ఆ కథ చెప్పినవాళ్లకు విళ్లు బాగా తెలుసనిపిస్తుంది. చాలాకాలం వంగకుండా పడి ఉన్న పాత విల్లును ఒక్కసారి నిండా లాగితే విరిగే ప్రమాదం ఎక్కువ. ఏళ్ల తరబడి ఆరి, తేమ పోయిన చెక్క పెళుసెక్కుతుంది. అందుకే పాత విల్లు చేతికొస్తే మొదట పావువంతు, తర్వాత సగం, అలా ఇరవై ముప్పై సార్లు కొద్దికొద్దిగా లాగి దాని ఒళ్లు వదులు చేయాలి. ఎవరింట్లోనైనా తాతల నాటి విల్లు గోడకు వేలాడుతుంటే దాన్ని లాగి చూపించమని అడగకండి.

తేమ మరీ ఎక్కువైనా చిక్కే. తడిసిన చెక్క వంగినచోట వంగినట్టే ఉండిపోతుంది, వదిలినా తిన్నగా రాదు. అలా పట్టిన వంపు ఎంత ఉంటే అంత బలం పోయినట్టు. కాబట్టి వాడకం అవగానే నారి దించాలి. మా వైపు ఎండ సంగతి తెలిసిందే. వైశాఖంలో మూసిన కారులో పెట్టి వెళితే అంటింపు విల్లు జిగురు మెత్తబడి పొరలు వీడతాయి. నేల మీద నిలబెట్టకుండా, ఇంట్లో గాలి ఆడేచోట అడ్డంగా రెండు మేకుల మీద ఉంచితే చాలు.

ఇంకొక్కటి, అన్నిటికన్నా ముఖ్యం. బాణం లేకుండా ఉత్త నారి లాగి వదలకూడదు. షాపులో చూసే ప్రతివాడూ చేసే పని ఇదే. వింటిలో నింపిన శక్తిని మోసుకుపోయేది బాణం. బాణం లేకపోతే ఆ శక్తి వింటి చేతుల్లోనే తిరుగుతుంది, చెక్కనైనా చీలుస్తుంది, నారినైనా తెంపుతుంది. మరీ తేలిక బాణం కూడా సగం ఉత్త నారి లాంటిదే. 40 పౌండ్ల వింటికి 23 గ్రాముల దగ్గర బరువున్న బాణం తగినది.

వింటిని చుట్టి పోయే చేప

చివరగా అసలైన వింత. పాత పద్ధతి లాంగ్‌బోకు మధ్యలో గాడి ఉండదు. బాణం పిడి పక్కన, మన పిడికిలి మీద ఆనుతుంది. నారి మాత్రం వింటి నడుమకు వస్తుంది. అంటే నారి బాణం తోకను నేరుగా కర్ర వైపుకు తోస్తోంది, ముందు భాగం పక్కకు చూస్తోంది. లెక్క ప్రకారం బాణం ఎడమ పక్కకు పోవాలి. పోదు, గురి చూసినచోటికే పోతుంది.

హిక్‌మన్, ఆయన సహచరులు అతివేగపు కెమెరాతో తీసిన చిత్రాల్లో దీని గుట్టు బయటపడింది. నారి వెనక నుంచి ఒక్కసారిగా తోసేసరికి బాణం తిన్నగా ఉండదు, విల్లులా వంగుతుంది. మొదట ఒకవైపు, వెంటనే రెండోవైపు. అలా ఊగుతూ కర్రను తాకకుండా దాని చుట్టూ తిరిగి, దాటాక తిన్నబడుతుంది. మట్టపల్లి రేవులో మెట్ల మీద నిలబడి చూస్తే రాయి అడ్డమొచ్చినప్పుడు చేప నడుము వంచి పక్కగా జారిపోతుందే, అచ్చం అలాగే.

ఈ ఊపు కర్ర దాటే కాలంతో సరిపోవాలి. బాణం మరీ బిరుసైతే చాలినంత వంగదు, కర్రకు తగిలి కుడిచేతి విలుకాడికి ఎడమకు పోతుంది. మరీ మెత్తనైతే కుడికి. పొడవు పెరిగినా, ముందు ములికి బరువు పెరిగినా బాణం మెత్తబడినట్టే. కాబట్టి విల్లు ఎంచుకున్నాకే బాణం ఎంచుకోవాలి, అదీ ఆ వింటికీ ఆ చేతికీ సరిపోయేలా. తోకకు ప్లాస్టిక్ రెక్కలు కాక నిజమైన ఈకలే ఉండాలి. పిడికిలిని ఒరుసుకుంటూ పోయేటప్పుడు ఈక ఒదిగి మళ్లీ లేస్తుంది, ప్లాస్టిక్ ఒదగక బాణాన్ని తన్నేస్తుంది.

గడ్డిమోపు ముందు

మేము చివరికి తీసుకున్నది 66 అంగుళాల చదును లాంగ్‌బో, 30 పౌండ్లు. వాడి లాగుడుకు అది పాతిక. మొదట మొహం ముడుచుకున్నాడు. సాగర్ ఎడమ కాలువ కింద వరికి కొదవలేదు కాబట్టి గురికి వరిగడ్డి మోపులు బిగించి కట్టాం. వెనక ఎవరూ నడవని మట్టికట్ట చూసుకున్నాం. మొదటి రోజు పది మీటర్ల దూరం. వేటకు కాదు, కుందేలు మీద వేసినా అది చట్టప్రకారం నేరమని ముందే చెప్పాను.

రెండో రోజుకే బాణాలు ఒకచోట పడటం మొదలైంది, కానీ అనుకున్న గుర్తుకు జానెడు ఎడమన. వాడు గురి మార్చుకోబోయాడు. వద్దన్నాను. చేయి నిలకడగా ఉంది, బాణాలన్నీ ఒకేలా తప్పుతున్నాయి, అంటే తప్పు వాడిది కాదు. బాణం బిరుసు. మూడో రోజు ములికి తీసి కాస్త బరువైనది బిగించాం.

ఆరు బాణాలు వేశాడు. గుంపు నిన్నటంతే ఉంది. జానెడు కుడికి జరిగింది.